కత్తి ఉన్నవాడికీ బిరుదు కావాలి

జపాన్‌లో 1192 నుంచి 1867 వరకు, మధ్యమధ్య కొన్ని విరామాలు తప్ప, పాలన షోగన్ల పేరిట నడిచింది. సైన్యం వారిది, శిస్తు వారిది, తప్పు చేసినవాడి తల తీసే హక్కూ వారిదే. ఆ ఏడు శతాబ్దాల్లో ఏ రోజు చూసినా క్యోటోలో ఒక చక్రవర్తి మాత్రం ఉన్నాడు. మినమోతో, అషికాగా, తొకుగావా అనే మూడు షోగన్ వంశాలు వచ్చాయి, పోయాయి. రాజవంశం మాత్రం మారలేదు. చక్రవర్తులను గద్దె దింపినవారున్నారు, దీవులకు తరిమినవారున్నారు, తిండికి వెతుక్కునే స్థితికి వదిలేసినవారూ ఉన్నారు. ఆ గద్దె మీద తానే కూర్చోగలిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఇంత బలవంతులు ఆ ఒక్క పనీ ఎందుకు చేయలేకపోయారన్న దాని చుట్టూనే పాత జపాన్ రాజకీయమంతా తిరిగింది.

సూర్యదేవత వంశం

జపాన్ రాజవంశ గాథను రాతలో స్థిరపరచినవి రెండు గ్రంథాలు: 712లో పూర్తయిన ‘కోజికి’, 720లో పూర్తయిన ‘నిహోన్ షోకి’. వాటి ప్రకారం సూర్యదేవత అమతెరాసు తన మనవణ్ని భూమి మీదికి పంపింది. అతని వంశంలో పుట్టిన జిమ్ము తొలి చక్రవర్తి అయ్యాడు. సంప్రదాయం అతని పట్టాభిషేకానికి క్రీ.పూ. 660 అని తేదీ కూడా కట్టింది. చరిత్రకారులు దీన్ని పురాణంగానే చూస్తారు. రాజుల వరుసకు గట్టి ఆధారాలు దొరికేది సుమారు ఆరో శతాబ్దం నుంచే. రాజచిహ్నాలు మూడు: అద్దం, ఖడ్గం, వంపు తిరిగిన మణి. అద్దం ఇసే ఆలయంలోనూ, ఖడ్గం అత్సుత ఆలయంలోనూ ఉంటాయని సంప్రదాయం.

ఆ కాలంలో జపాన్ పాలకులు చాలా విషయాలు చైనా నుంచే నేర్చుకున్నారు. 701 నాటి తైహో శాసన సంహిత, శాఖలవారీ కొలువులు, ఉద్యోగులకు అంతస్తులు, 710లో నారాలో గళ్లు గీసినట్టు కట్టిన రాజధాని, అన్నీ చైనా నమూనాలే. ఒక్కటి మాత్రం తెచ్చుకోలేదు. చైనాలో స్వర్గం రాజుకు పాలించే హక్కు ఇస్తుంది, అతను చెడ్డవాడైతే దాన్ని తీసుకుని ఇంకొకడికి ఇస్తుంది. అందుకే అక్కడ రైతుబిడ్డ కూడా తిరగబడి గెలిచి కొత్త వంశం స్థాపించవచ్చు. జపాన్‌లో హక్కు గుణం వల్ల కాక రక్తం వల్ల వచ్చింది. ఎంత పనికిమాలిన రాజైనా ఆ రక్తం ఉంటే రాజే. ఎంత సమర్థుడైనా అది లేకపోతే కాడు.

ఈ కట్టుబాటుకు తొలి పరీక్ష 769లో వచ్చింది. సామ్రాజ్ఞి షోతోకుకు దోక్యో అనే బౌద్ధ సన్యాసి అత్యంత ఆప్తుడు. అతన్ని గద్దె ఎక్కిస్తే దేశం చల్లగా ఉంటుందని క్యూషు దీవిలోని ఉసా హచిమాన్ ఆలయంలో దేవుడు పలికినట్టు కబురొచ్చింది. నిజం కనుక్కు రమ్మని వాకే నో కియోమారో అనే ఉద్యోగిని పంపారు. రాజవంశం కానివాణ్ని గద్దె ఎక్కించకూడదన్నదే దేవుడి మాట అని అతను తిరిగొచ్చి చెప్పాడు. కియోమారోకు దేశాంతరవాసం పడింది. అతని పేరులో ‘శుభ్రం’ అనే అర్థమున్న భాగాన్ని తీసి ‘మురికి’ అని పెట్టించేంత కోపం వచ్చింది సామ్రాజ్ఞికి. మరుసటి ఏడాది ఆమె చనిపోవడంతో కథ తిరగబడింది. దోక్యోను రాజధాని నుంచి తరిమేశారు, కియోమారో కొలువుకు తిరిగొచ్చాడు.

ఖడ్గంతో అదే ప్రయత్నం చేసినవాడు తైరా నో మసకాదో. తూర్పు ప్రాంతాల్లో తిరుగుబాటు చేసి 939 చివర్లో ‘కొత్త చక్రవర్తి’నని ప్రకటించుకున్నాడు. అతను కమ్ము చక్రవర్తి వంశంలోనే కొన్ని తరాల కింద పుట్టినవాడు, కాబట్టి రక్తం మాటకు కొంత ఆధారముంది. అయినా రెండు నెలలైనా పూర్తిగా గడవకముందే యుద్ధంలో చచ్చాడు. తరువాతి యోధులు ఈ పాఠం మరచిపోలేదు.

మామలూ తాతలూ

గద్దె ఎక్కకుండా గద్దెను నడిపించే పద్ధతి యోధులు కనిపెట్టింది కాదు. దానికి ఆద్యులు ఫుజివారా వంశపు ప్రభువులు. 794లో రాజధాని నేటి క్యోటోకు, అంటే నాటి హేయాన్‌కు మారింది. 858లో ఎనిమిదేళ్ల సేయివా చక్రవర్తి అయ్యాడు. అతని తల్లి తండ్రి ఫుజివారా నో యోషిఫుసా. పసివాడి పేరిట పాలన తాత చేతికి వచ్చింది, 866లో రాజప్రతినిధి హోదా లాంఛనంగా ఖాయమైంది. రాజవంశం వెలుపలివాడు ఆ పదవిలోకి రావడం అదే మొదలు. అప్పటి కులీన కుటుంబాల్లో బిడ్డలు తల్లి పుట్టింట్లోనే పెరిగేవారు. అంటే కాబోయే చక్రవర్తి ఫుజివారా ఇంట్లో, ఫుజివారా తాత కళ్ల ముందు పెరిగేవాడు. పదమూడు పద్నాలుగేళ్ల మనవడు తాత మాట కాదంటాడా?

ఈ విద్యలో ఆరితేరినవాడు ఫుజివారా నో మిచినాగా. 1028లో చనిపోయిన ఈయన నలుగురు కూతుళ్లను రాజవంశానికి ఇచ్చాడు. మనవళ్లలో ముగ్గురు చక్రవర్తులయ్యారు. 1018లో మూడో కూతురూ పట్టమహిషి అయినప్పుడు, తన వైభవాన్ని లోటు లేని పున్నమి చంద్రుడితో పోల్చుకుంటూ విందులో ఆశువుగా పద్యం చెప్పాడు. జపాన్ పాఠశాలల్లో ఇప్పటికీ ఆ గర్వం గురించి చెబుతారు.

ఫుజివారాల పట్టు సడలింది కూడా బంధుత్వం మీదే. ఫుజివారా తల్లికి పుట్టని గో-సాంజో 1068లో గద్దెనెక్కడంతో తాతల లెక్క తప్పింది. అతని కొడుకు షిరకావా ఇంకో ఎత్తు వేశాడు. 1086లో ఎనిమిదేళ్ల కొడుకును చక్రవర్తిని చేసి తాను తప్పుకున్నాడు. పూజలూ లాంఛనాలూ కొడుకువి, పెత్తనం తండ్రిది. 1129లో చనిపోయేదాకా నలభై ఏళ్లకు పైగా, ముగ్గురు చక్రవర్తుల కాలంలో, ‘తప్పుకున్న’ షిరకావాయే అసలు పాలకుడు. కామో నది వరద, పాచికలు, హియే కొండ మీది సన్యాసి సేనలు తప్ప మరేదీ తన మాట జవదాటదని ఆయన అన్నట్టు ‘హైకే మోనోగతారి’ అనే యుద్ధగాథలో ఒక కథ ఉంది.

కామకురా యోధులు

పాత చక్రవర్తికీ కొత్త చక్రవర్తికీ పడకపోతే తగవు తీర్చడానికి యోధులు కావలసి వచ్చారు. 1156, 1159ల్లో రాజధానిలోనే కత్తులు లేచాయి. గెలిచిన తైరా నో కియోమోరి ఫుజివారాల బాటే పట్టాడు. కూతురిని చక్రవర్తికి ఇచ్చాడు, 1180లో పసివాడైన మనవడు అంతోకును గద్దె మీద పెట్టాడు. అదే ఏడు మినమోతో వంశం తిరగబడింది. అయిదేళ్ల యుద్ధం 1185 ఏప్రిల్‌లో దాన్నోఉరా జలసంధిలో ముగిసింది. తైరా పడవలు ఓడిపోతున్నాయని తేలగానే కియోమోరి భార్య తోకికో ఆరేళ్ల మనవణ్ని ఎత్తుకుని సముద్రంలో దూకింది. రాజచిహ్నాలూ నీళ్ల పాలయ్యాయి. అద్దమూ మణీ దొరికాయి గానీ, అత్సుత ఖడ్గానికి ప్రతిగా కొలువులో ఉండే ఖడ్గం మళ్లీ దొరకలేదు. అప్పటికే క్యోటోలో అంతోకు తమ్ముడు గో-తోబాను, చిహ్నాలేవీ లేకుండానే, చక్రవర్తిగా నిలబెట్టి రెండేళ్లయింది. చిహ్నాలు లేకపోతే లేకపోయె, పాత చక్రవర్తి అయిన తాత గో-షిరకావా మాట చాలింది.

గెలిచిన మినమోతో నో యోరితోమో క్యోటోకు మకాం మార్చలేదు. తూర్పు తీరాన కామకురాలోనే ఉండిపోయి, తన యోధులను రాష్ట్రాలకు రక్షకులుగానూ ఎస్టేట్లకు పర్యవేక్షకులుగానూ పెట్టుకునేందుకు 1185లో దర్బారు అనుమతి తీసుకున్నాడు. కాగితం మీద ఇది చిన్న వెసులుబాటే. దేశంలో పంట ఎవరి చేతి మీదుగా నడుస్తుందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 1192లో గో-షిరకావా కన్నుమూశాక యోరితోమోకు ‘సేయి తాయ్ షోగన్’ పదవి దక్కింది. ఉత్తరాదిన ఎమిషి జాతుల మీదికి పంపే సేనాపతులకు ఇచ్చిన పాత బిరుదది. 797లో సకనోయె నో తమురామారోకు అదే ఇచ్చారు. తాత్కాలిక సేనాపతి బిరుదు ఇకపై వంశపారంపర్య పాలకుడి బిరుదైంది.

యోరితోమో 1199లో చనిపోయాడు. ఇద్దరు కొడుకులూ వరుసగా షోగన్లై, ఇద్దరూ హత్యకు గురయ్యారు. రెండోవాడు సానెతోమోను 1219లో కామకురాలోని హచిమాన్ ఆలయం మెట్ల దగ్గర సొంత అన్న కొడుకే నరికాడు. పెత్తనం యోరితోమో భార్య హోజో మసాకో పుట్టింటివారికి వెళ్లింది. గుండు చేయించుకుని సన్యాసం తీసుకున్న మసాకోను జనం ‘సన్యాసిని షోగన్’ అన్నారు.

ఇదే అదను అనుకున్నాడు గో-తోబా. అప్పటికి ఆయన తప్పుకున్న చక్రవర్తి. 1221లో, కామకురాలో పెత్తనం చేస్తున్న హోజో యోషితోకిని శిక్షించమని దేశంలోని యోధులందరికీ ఆజ్ఞ పంపాడు. కామకురాలో కలవరం పుట్టింది. చక్రవర్తి ఆజ్ఞకు ఎదురు నిలవడమంటే రాజద్రోహమే కదా! మసాకో యోధులను పిలిపించి, యోరితోమో వారికి చేసిన మేలును గుర్తు చేసింది. తరువాతి కాలపు ‘మసుకాగామి’ గ్రంథం ఇంకో సన్నివేశం చెబుతుంది. సైన్యంతో బయలుదేరిన యోషితోకి కొడుకు యసుతోకి మరుసటి రోజు ఒంటరిగా వెనక్కి వచ్చి తండ్రిని అడిగాడట: దారిలో చక్రవర్తే స్వయంగా పల్లకిలో ఎదురొస్తే ఏం చేయాలని. శిరస్త్రాణం తీసేసి, వింటినారి తెంచేసి, లొంగిపొమ్మన్నాడు తండ్రి. ఆయన రాజధానిలోనే కూర్చుని సైన్యాన్ని మాత్రం పంపితే, వెయ్యి మందిలో ఒక్కడు మిగిలేదాకా పోరాడమన్నాడు. నిజంగా జరిగిందో లేదో గానీ, యోధుల మనసులోని గీత ఎక్కడుందో ఈ కథ కచ్చితంగా చూపిస్తుంది.

గో-తోబా పల్లకి ఎక్కలేదు. నెలరోజుల్లో క్యోటో కామకురా సైన్యం వశమైంది. గో-తోబాను ఓకి దీవికి పంపారు, 1239లో అక్కడే పోయాడు. ఆయన కొడుకు జుంతోకును సాదో దీవికి పంపారు. ఇంకో కొడుకు త్సుచిమికాదో ఈ కుట్రలో లేకపోయినా తండ్రి వెళ్లాక తాను ఉండనని తోసాకు వెళ్లాడు. పసి చక్రవర్తిని దించి వేరొకరిని ఎక్కించారు, దర్బారు పక్షం వహించిన వారి దాదాపు 3,000 ఎస్టేట్లు లాక్కున్నారు. గెలుపు ఇంత సంపూర్ణమైనా రాజవంశాన్ని రద్దు చేద్దామన్న మాటే రాలేదు. కామకురా పెద్దలు తమ షోగన్‌గా ఫుజివారా పిల్లవాణ్ని తెచ్చుకున్నారు, 1252 నుంచి ఏకంగా క్యోటో రాకుమారులను దిగుమతి చేసుకున్నారు.

అలా బొమ్మ వెనుక బొమ్మ తయారైంది. క్యోటోలో చక్రవర్తి వెనుక తప్పుకున్న చక్రవర్తి. కామకురాలో షోగన్ వెనుక హోజో రాజప్రతినిధి. ఆ పదవి వెనుక హోజో కుటుంబ పెద్ద. 1320ల నాటికి ఆ పెద్ద వెనుక అతని ఇంటి వ్యవహారాలు చూసే నగసాకి కుటుంబం. తెలుగువారు ఉత్సవ విగ్రహం అనే మాటను రాజకీయాల్లో విరివిగా వాడతారు. ఇక్కడ ఊరేగింపు నిండా అవే.

ఇద్దరు చక్రవర్తులు, ఒక ‘రాజు’

ఈ గొలుసంతా తెంచి తానే పాలించాలనుకున్న చక్రవర్తి గో-దైగో. కుట్ర బయటపడి 1332లో ఓకి దీవికి వెళ్లాడు, మరుసటి ఏడాది తప్పించుకున్నాడు. అతని మీదికి కామకురా పంపిన అషికాగా తకావుజి దారిలోనే పక్షం మార్చాడు. నిత్తా యోషిసాదా కామకురాను కూల్చాడు. 1333లో చక్రవర్తి పాలన నిజంగానే మొదలైంది, మూడేళ్లైనా నిలవలేదు. భూవివాదాలు గుట్టలుగా పేరుకుపోయాయి, యుద్ధం చేసిన యోధులకు ఆశించిన భూములు దక్కలేదు. తకావుజి తిరగబడి, రాజవంశంలోని ఇంకో శాఖ నుంచి కోమ్యోను చక్రవర్తిగా నిలబెట్టి, 1338లో అతని చేత షోగన్ బిరుదు ఇప్పించుకున్నాడు. తనకు బిరుదివ్వడానికి ముందుగా తానే ఒక చక్రవర్తిని తయారు చేసుకోవలసి వచ్చింది! గో-దైగో రాజచిహ్నాలు తన దగ్గరే ఉన్నాయంటూ యోషినో కొండల్లోకి వెళ్లాడు. 1392 దాకా దేశంలో ఇద్దరు చక్రవర్తులు.

ఆ చీలికను ముగించినవాడు తకావుజి మనవడు, మూడో అషికాగా షోగన్ యోషిమిత్సు. క్యోటోలో బంగారు మందిరం కట్టించినవాడు ఇతనే. సింహాసనానికి ఇతనంత దగ్గరగా వచ్చిన షోగన్ మరొకరు లేరు. కొలువులో అత్యున్నత మంత్రి పదవి పొందాడు, భార్యకు చక్రవర్తి తల్లితో సమానమైన హోదా ఇప్పించాడు. 1402లో చైనా మింగ్ చక్రవర్తి పంపిన పత్రంలో ‘జపాన్ రాజు’ అన్న సంబోధన స్వీకరించాడు, చైనాకు రాసిన జాబుల్లో అలాగే సంతకం చేశాడు. వ్యాపారంలో లాభం బాగానే వచ్చింది, స్వదేశంలో చిన్నచూపూ వచ్చింది. 1408లో హఠాత్తుగా చనిపోయాక దర్బారు ఆయనకు ‘తప్పుకున్న చక్రవర్తి’ బిరుదు ఇవ్వజూపింది. కొడుకు యోషిమోచి వద్దన్నాడు, కొన్నాళ్లకు చైనాతో సంబంధాలూ తెంచాడు. యోషిమిత్సు నిజంగా గద్దె కోరుకున్నాడా అన్నది చరిత్రకారుల్లో తెగని వాదం. కోరుకున్నా అది కన్నకొడుక్కే రుచించలేదన్నది స్పష్టం.

అంత్యక్రియలకూ డబ్బు లేని గద్దె

1467లో మొదలైన ఓనిన్ యుద్ధం పదకొండేళ్లలో క్యోటోను బూడిద చేసింది. షోగన్ మాట రాజధాని దాటి చెల్లలేదు, చక్రవర్తి ఎస్టేట్ల నుంచి రాబడి ఆగిపోయింది. 1500లో గో-త్సుచిమికాదో చనిపోతే అంత్యక్రియలకు సొమ్ము లేక దేహం నలభై రోజులకు పైగా అలాగే ఉండిపోయింది. కొడుకు గో-కాషివాబారా పట్టాభిషేకం కోసం ఇరవై ఒక్క ఏళ్లు ఎదురుచూశాడు. మనవడు గో-నారాకు పదేళ్లు పట్టింది, అదీ ఓఉచి వంటి దూరపు సామంతులు చందాలు పంపితే. గో-నారా తన చేతిరాతను అమ్ముకున్నాడని ప్రతీతి. కొత్త చక్రవర్తి కొత్త బియ్యాన్ని దేవతలకు నివేదించే దైజోసాయి క్రతువు 1466 తరువాత 1687 దాకా జరగనేలేదు.

ఇంత దీనస్థితిలో ఉన్న వంశాన్ని తుడిచేయడం ఏ సామంతుడికైనా ఒక్కపూట పని. ఎవరూ చేయకపోవడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. సామంతులందరికీ పక్కవాడి కంటే పెద్ద హోదా కావాలి, దాన్ని ఇచ్చే చోటు ఇదొక్కటే. చందాలు పంపినవారికి పదవులు వచ్చేవి.

ఒడా నోబునాగా 1568లో అషికాగా యోషియాకిని షోగన్‌గా నిలబెట్టాడు, 1573లో తరిమేశాడు. ఆయన తరువాత దేశాన్ని ఏకం చేసిన హిదేయోషి మామూలు సిపాయి కొడుకు. షోగన్ కాలేదు, కోనోయె కుటుంబానికి దత్తుడై 1585లో ఫుజివారాలకే పరిమితమైన ‘కంపాకు’ (రాజప్రతినిధి) పదవి పట్టేశాడు. 1588లో చక్రవర్తి గో-యోజేయ్‌ను తన జురకుదై భవనానికి ఆహ్వానించి, ఆయన సమక్షంలో సామంతులందరి చేత తన మాట వింటామని ప్రమాణం చేయించాడు. చక్రవర్తి ఎందుకు పనికొస్తాడో ఇంత బాగా అర్థమైనవాడు మరొకడు లేడు.

పదిహేడు నిబంధనలు

1600లో సెకిగహారా యుద్ధం గెలిచిన తొకుగావా ఇయేయాసు మినమోతో వంశస్థుడినని చెప్పుకుని 1603లో షోగన్ అయ్యాడు. రెండేళ్లకే కొడుకు హిదెతాదాకు పదవి ఇప్పించి, అది ఇక తన వంశానిదేనని చాటాడు. 1615లో దర్బారుకూ కులీనులకూ 17 నిబంధనలు వెలువడ్డాయి. చక్రవర్తి విద్యలను, అన్నిటికన్నా ముందు శాస్త్రాలను అభ్యసించాలన్నది మొదటిది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఏ వస్త్రం ధరించాలి, గొప్ప సన్యాసులకు ఊదారంగు వస్త్రం ఎలా ఇవ్వాలి అన్నదాకా అందులో ఉంది. చక్రవర్తి ఏం చేయాలో ఒక షోగన్ చట్టంగా రాయడం జపాన్‌లో అదే ప్రథమం.

చక్రవర్తి గో-మిజునో, తొకుగావా షోగన్ల నగరమైన ఎడోను అడగకుండా, కొందరు సన్యాసులకు ఊదా వస్త్రాలిచ్చాడు. 1627లో ఎడో ప్రభుత్వం అవి చెల్లవంది. అభ్యంతరం చెప్పిన జెన్ గురువు తకువాన్‌కు 1629లో దేశాంతరవాసం విధించింది. అదే ఏడు చివర్లో చక్రవర్తి, ఎడోకు ముందు కబురైనా పెట్టకుండా, ఆరేళ్లు నిండని కూతురు మేషోకు గద్దె అప్పగించేశాడు. ఆమె తల్లి హిదెతాదా కూతురే. ఫుజివారాల పాత కల, అంటే గద్దె మీద సొంత మనవరాలు, తొకుగావాల ఇంట అలా అవమానం రూపంలో ఫలించింది. 770లో షోతోకు పోయాక గద్దెనెక్కిన తొలి స్త్రీ మేషోనే. అవివాహితగా ఉండిపోయి 1643లో సవతి తమ్ముడికి దారిచ్చింది.

ఆ తరువాత శతాబ్దంన్నర పాటు చెప్పుకోదగ్గ సంఘర్షణ లేదు. చక్రవర్తికి ఖర్చుల కోసం కేటాయించిన భూముల రాబడి మొదట 10,000 కోకులు, 1705 నాటికి 30,000. ఒక కోకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యం. షోగన్ సొంత భూముల రాబడి సుమారు 40 లక్షల కోకులు. చక్రవర్తి చేతిలో మిగిలింది పంచాంగం, యుగనామం, హోదాలు, పూజలు. అవి కూడా ఎడో అనుమతితోనే. అయినా ప్రతి కొత్త షోగన్‌కూ బిరుదు పత్రం క్యోటో నుంచే రావాలి. చనిపోయిన ఇయేయాసును దేవుణ్ని చేయడానికీ 1617లో చక్రవర్తి ఇచ్చిన దైవనామమే కావలసి వచ్చింది. సినిమాల్లో ప్రసిద్ధమైన 47 మంది రోనిన్ల (యజమాని లేని యోధుల) కథకు మూలం కూడా ఇక్కడే ఉంది. 1701లో ఎడో కోటలో కత్తి దూసిన సామంతుడు అసానోకు అప్పుడు అప్పజెప్పిన పని క్యోటో రాయబారులకు ఆతిథ్యం ఇవ్వడం.

గోడ చుట్టూ ప్రదక్షిణ

1780ల కరువులో బియ్యం ధరలు మండిపోయాయి. 1787 వేసవిలో క్యోటో జనం రాజప్రాసాదం గోడ చుట్టూ గుడికి చేసినట్టు ప్రదక్షిణలు మొదలుపెట్టారు. మొదట కొద్దిమంది, తరువాత రోజుకు వేల మంది. నాణేలు విసిరి మొక్కుకున్నారు. ఎండలో తిరిగే వారికి మాజీ సామ్రాజ్ఞి గో-సకురామాచి 30,000 చిన్న ఆపిల్ పండ్లు పంచిపెట్టించిందని చెబుతారు. యువ చక్రవర్తి కోకాకు ప్రజలను ఆదుకోమని ఎడో ప్రభుత్వాన్ని కోరాడు, అక్కడి నుంచి బియ్యం విడుదలైంది. దర్బారు పరిపాలనలో నోరు తెరవకూడదన్న నియమం ఆకలి ముందు నిలవలేదు. షోగన్ అధికారం చక్రవర్తి అప్పగించినదేనన్న వాదం కూడా ఆ కాలంలోనే బలపడింది. షోగన్‌ను సమర్థించేందుకు చెప్పిన మాట అది. అప్పగించినవాడు తిరిగి అడగవచ్చన్న అర్థం అందులోనే ఉందని అప్పుడెవరూ అంతగా పట్టించుకోలేదు.

1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ తన నౌకలతో రావడంతో ఆ అర్థం పైకి తేలింది. 1858లో వాణిజ్య ఒప్పందానికి చక్రవర్తి సమ్మతి తెస్తానని మంత్రి హోత్తా మసయోషి క్యోటో వెళ్లాడు. అది లాంఛనమే అనుకున్నాడు. కోమేయ్ చక్రవర్తి ఒప్పుకోలేదు. సమ్మతి లేకుండానే సంతకం చేయించిన ఇయి నావోసుకేను 1860లో ఎడో కోట ద్వారం దగ్గర నరికేశారు. 1863లో షోగన్ ఇయేమోచి స్వయంగా క్యోటోకు రావలసి వచ్చింది. అంతకుముందు ఒక షోగన్ అక్కడికి వచ్చింది 1634లో, మూడు లక్షల మందికి పైగా పరివారంతో. ఈసారి వెంట వచ్చినవారు సుమారు మూడు వేలు.

పదిహేనో షోగన్ యోషినోబు 1867 నవంబరులో పాలనాధికారాన్ని చక్రవర్తికి తిరిగి అప్పగించాడు. కొత్త ప్రభుత్వంలో తన మాటే చెల్లుతుందని ఆశించాడు. సత్సుమా, చోషు సామంత రాజ్యాల యోధులు 1868 జనవరిలో పదిహేనేళ్ల మేయ్‌జి చక్రవర్తి పేరిట దర్బారును చేజిక్కించుకున్నారు. ఆ నెలాఖరులో తోబా-ఫుషిమి వద్ద యుద్ధం జరిగింది. సంఖ్యలో తొకుగావా సైన్యమే పెద్దది. ఎదుటి పక్షం జరీ జెండా ఎత్తేసరికి, అది చక్రవర్తి సేన అన్న గుర్తు, తొకుగావా శ్రేణులు డీలాపడ్డాయి. యోషినోబు తల్లి రాజవంశపు ఆడపడుచు. రాజద్రోహి ముద్ర భరించలేక అతను ఒసాకా కోట నుంచి రాత్రికి రాత్రి ఓడెక్కి ఎడోకు వెళ్లిపోయాడు. 1221లో హోజో యోషితోకి కొడుక్కి చెప్పాడన్న జవాబులో మొదటి సగం అక్కడ అమలైంది.

షోగన్ల కోట చక్రవర్తి నివాసమైంది, ఎడో పేరు టోక్యోగా మారింది. యోషినోబు షిజువోకాలో ఫొటోలు తీసుకుంటూ, వేటాడుకుంటూ మూడు దశాబ్దాలు గడిపాడు. 1902లో మేయ్‌జి చక్రవర్తి అతనికి కులీనుల్లో అత్యున్నతమైన ‘కోషకు’ బిరుదు ఇచ్చాడు. చివరి షోగన్ దాన్ని స్వీకరించాడు, 1913లో టోక్యోలో కన్నుమూశాడు.